గేటు లోపలివాళ్ళు

'దేవదాసు' ఆఖరి ఘట్టాన్ని మనమంతా గేటు బయట నిలబడే చూస్తాం. 1953లో వచ్చిన సినిమా అది. మా అమ్మమ్మ ఏడ్చింది, మా అమ్మ ఏడ్చింది, టీవీలో వేసినప్పుడు నేనూ ఏడ్చాను. చెట్టు కింద ప్రాణం పోతున్న అక్కినేని, లోపలినుంచి పరుగెత్తుకొస్తున్న సావిత్రి, మధ్యలో మూసుకుపోతున్న తలుపులు. ఆ తలుపులు మూయించిన ఇంటి మీద మనకు కోపం. ఆ ఇంట్లో వయసు మళ్ళిన జమీందారు ఒకాయన ఉన్నాడు. తల్లి పోయిన పిల్లలకు ఆ పార్వతే తల్లి అయింది. మర్నాడు పొద్దున వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకున్నారో, ఆ పూట పొయ్యి ఎవరు వెలిగించారో మనం ఎన్నడూ అడగలేదు. కథ ముందురోజే అయిపోయింది మరి.

నేను గేటు లోపలి మనిషిని. మా ఆయన తొలిప్రేమ ఒకనాడు మా గడప దాకా వచ్చింది. ఆ మర్నాటి గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. రాసింది ఆయనకు చదివి వినిపించాను. ఆమెకూ తెలుసు. ఇద్దరి అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాను, ఊరూ వృత్తీ వంటి గుర్తులు కొన్ని మార్చి.

మేముండేది ట్రుగనీనాలో. మెల్‌బోర్న్ నగరం నడిబొడ్డు నుంచి పడమరగా ఇరవై కిలోమీటర్లు దాటాక వస్తుంది. 2016 జనాభా లెక్కల్లో ఇరవై వేల పైచిలుకు ఉన్న మా సబర్బు 2021కి ముప్పై ఆరు వేలు దాటింది. చదునైన నేల, ఆపేవాళ్ళు లేని గాలి, ఒక పక్క గోదాములు, ఒక పక్క ఒకే ఈడు ఇళ్ళు. మాకంటే ముందు ఇక్కడ ఒక పల్లె ఉండేది. 1969 జనవరి 8న విక్టోరియా అంతటా రేగిన కార్చిచ్చులో చాలావరకు కాలిపోయింది. నల్లరాతి గోడల ముక్కలు, ఒక పాత శ్మశానం మిగిలాయి. ఊరి పేరేమో టాస్మానియాకు చెందిన ఆదివాసీ స్త్రీ ట్రుగనీనీది. 1876లో ఆమె చనిపోతే అస్థిపంజరాన్ని మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. ఆమె కోరుకున్నట్టు చితాభస్మం నీళ్ళలో కలిసింది 1976లో, దాదాపు నూరేళ్ళకు. ఇక్కడ ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ళలో ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. మేం ఊరి గతం తెలుసుకోకుండానే ఊళ్ళో దిగాం. ఒకరి గతం ఒకరికి తెలియకుండానే ఇరుగుపొరుగులమయ్యాం. ఆ మాటకొస్తే, ఒకరి గతం ఒకరికి తెలియకుండానే మాలో చాలామందిమి పెళ్ళిళ్ళు కూడా చేసుకున్నాం.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ట్రుగనీనాలో నాకు బాగా దగ్గరైన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. బతుకమ్మ, వినాయకచవితి, పిల్లల పుట్టినరోజులు అన్నీ కలిసే చేసుకుంటాం. కానీ వాళ్ళలో ఎవరూ నన్ను పాతికేళ్ళ లోపు వయసులో చూడలేదు. తెనాలిలో నేను ఏ సైకిలు తొక్కేదాన్నో, ఏ మేష్టారంటే వణికిపోయేదాన్నో ఇక్కడ సాక్ష్యం చెప్పగలవాళ్ళు లేరు. మా ఆయనకూ అంతే. మా పెళ్ళిచూపుల నాటికి ఆయనకు ఉద్యోగం ఉంది, హైదరాబాదులో గది ఉంది, పాస్‌పోర్టు ఉంది. ఆ ఉద్యోగస్థుణ్ణే నేను పెళ్ళాడాను. ఆయన చిన్నతనం నా దాకా రాలేదు. అత్తగారు చెప్పిన అల్లరి కథలు నాలుగు, ఫ్రేము కట్టిన స్కూలు ఫొటో ఒకటి, నాకు అందింది అంతే.

2021 మే నెల. ఇండియాలో కరోనా రెండో అల. మే 3 నుంచి 15 దాకా, అక్కడ ఉన్నవాళ్ళు సొంత పౌరులైనా సరే ఆస్ట్రేలియాలోకి రాకూడదని, వస్తే ఐదేళ్ళ దాకా జైలని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన రోజులు. అంతకు ముందు ఏడాది నుంచే సరిహద్దులు మూసి ఉన్నాయి. ఆ రెండేళ్ళలో మెల్‌బోర్న్ మొత్తం 262 రోజులు లాక్‌డౌన్‌లో గడిపింది. చివరి విడతలో అయితే ఇంటినుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు, రాత్రి తొమ్మిది తర్వాత బయట కనబడకూడదు. మేం చేయగలిగిందల్లా ఫోను చూసుకోవడం. పొద్దున లేవగానే ఎవరున్నారు, ఎవరు పోయారు. ఆయన డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు అంతకుముందు పండగ శుభాకాంక్షలకు పనికొచ్చేది. ఆ నెలలో మాత్రం వరసగా ఫొటోలూ దండలే. ఒకరోజు వచ్చిన ఫొటో ఖమ్మంలో ఆయనతో చదివిన ఒకావిడ భర్తది.

ఆయన ఓదార్చడానికి ఫోన్ చేశారు. ఆ మాట నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. తొలిప్రేమ తిరిగి రావడం అంటే గులాబీ పట్టుకుని రావడమని మనం ఊహించుకుంటాం గానీ, నలభైలు దాటాక అది ఎక్కువగా చావు కబురుతోనో, జబ్బు కబురుతోనో, ఊళ్ళో అమ్మేసిన ఇంటి కబురుతోనో వస్తుంది. పలకరించడం ధర్మం అనిపించే దారిలోనే వస్తుంది. అందుకే దాన్ని గడప దగ్గర ఎవరూ ఆపరు.

మొదటి ఫోను తర్వాత రెండోది. తర్వాత దినకర్మల గురించి, బ్యాంకు కాగితాల గురించి, ఇన్సూరెన్సు గురించి. ఆ తర్వాత ఫలానా పని అంటూ ఏమీ లేకుండానే. చలికాలంలో మెల్‌బోర్న్ ఇండియాకు నాలుగున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ పదకొండు కొట్టి పిల్లలు నిద్రపోయే వేళకు అక్కడ సాయంత్రం ఆరున్నర. ఒక మనిషి పని ముగించుకుని డాబా మీదికి వచ్చి నిలబడే సమయం. విదేశాల్లో ఉండే కుటుంబాలకు ఈ తేడా ఎలాంటిదో తెలుసు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేని ఒక గంట రోజూ మిగులుతుంది. మా ఇంట్లో ఆ గంట గరాజ్‌లో గడిచేది. ఇక్కడి ఇళ్ళలో గోడలు పలచన. తలుపేసుకుంటే మాట బయటికి వినబడని చోటు గరాజ్ ఒక్కటే. ఆయన కారులో కూర్చుని మాట్లాడేవారు.

నేను ఒక రాత్రి వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నాను. ఫోన్ పెట్టేశారు. "ఎవరండీ?" అన్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. మా కాపురం నిలబడిందంటే ఆ ఒక్క క్షణానికి నేను చాలా విలువ కడతాను. "చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి" అన్నారు. "చెప్పండి" అన్నాను.

డిగ్రీ రెండో ఏడాది. లైబ్రరీ, ఉత్తరాలు, ఒక సినిమా, కిన్నెరసాని దాకా ఒక విహారయాత్ర. ఇద్దరివీ వేరు వేరు కులాలు. ఆమె ఇంట్లో తెలిసిన వారానికే చదువు మాన్పించారు, ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. ఆయన ఇంట్లో ఈ విషయం మీద ఒక్క మాటా జరగలేదు. మాట్లాడకపోవడమే వాళ్ళ తీర్పు. ఆ ఇద్దరూ కొట్టుకోలేదు, విడిపోదామని అనుకోనైనా లేదు. ఒక సోమవారం ఆమె కాలేజీకి రాలేదు, అంతే.

విన్నప్పుడు నాకు కలిగింది అసూయేనా అని చాలాసార్లు ఆలోచించాను. ఆమె అందం గురించి నాకేమీ అనిపించలేదు. గుచ్చుకున్నది వేరే. ఆయన కాలేజీలో పాటలు పాడేవారట. ఘంటసాల పాటలు, స్టేజి మీద. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన గొంతెత్తి పాడగా నేను వినలేదు. వాళ్ళ నాన్నగారు అప్పులపాలై నాలుగు నెలలు ఇంటికి రాకుండా తిరిగారట. ఆ నాలుగు నెలలూ మధ్యాహ్నం ఆయన అన్నం తిన్నది ఆమె డబ్బాలోంచి. మా మామగారి గురించి నాకు తెలిసిన ఏ కథలోనూ ఈ నాలుగు నెలలు లేవు. నేను కాపురం చేస్తున్న మనిషి ఆకలి ఇంకొకరికి తెలుసు, నాకు తెలియదు. దాన్ని అసూయ అనడం తేలిక. నాకు మాత్రం అది, నాకు రావలసిన ఆస్తి ఏళ్ళ తరబడి వేరే చోట ఉందని తెలిసినప్పటి బాధలా ఉండింది.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. తొలిప్రేమ తిరిగి వచ్చినప్పుడు మనిషి వెతుక్కునేది ఎక్కువగా ఆ రెండో మనిషిని కాదు. తన ఇరవయ్యేళ్ళ వయసును చూసిన కళ్ళను. ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళకు అలాంటి కళ్ళు చాలా ఉంటాయి. కిళ్ళీకొట్టతను, పాత మేష్టారు, పక్కింటి పిన్నిగారు, గుడి మెట్ల మీద ఎదురయ్యే క్లాస్‌మేటు. ఆ గుర్తింపు రోజుకు కాస్తగా, పదిమంది చేతుల మీదుగా అందుతూ ఉంటుంది. దేశం దాటి వచ్చినవాడికి ఆ పదిమందీ పోయి ఒక్కరు మిగిలితే, ఆ ఒక్క గొంతు మీద పడే బరువు ఎంతని! "నువ్వు అప్పుడు అలా పాడేవాడివి కదా" అని ఒక మనిషి అంటే, ట్రుగనీనాలో హోమ్ లోన్ కట్టుకుంటున్న నలభై నాలుగేళ్ళ మగవాడికి తన ఊరు, తన తండ్రి, తన గొంతు అన్నీ ఒక్కసారే తిరిగి వచ్చినట్టుంటుంది. దాన్ని ప్రేమ అని పిలవడానికి అతనూ తొందరపడతాడు, మనమూ తొందరపడతాం.

అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'ను మనం ప్రవరుడి నిగ్రహం కోసం తలుచుకుంటాం. పాదాలకు లేపనం పూసుకుని హిమాలయం చేరిన గృహస్థు, మంచుకు అది కరిగిపోయి తిరిగి రాలేక చిక్కుకుపోవడం, వరూధిని వలచి వస్తే కాదని అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి చేరడం అందరికీ తెలిసిన కథే. నన్ను ఆ రోజుల్లో పట్టుకున్నది దాని తర్వాతి కథ. ప్రవరుడు వెళ్ళిపోయాక వరూధిని అతని రూపాన్నే తలుచుకుని కుమిలిపోతుంది. ఆమె పూర్వం తిరస్కరించిన ఒక గంధర్వుడు అది కనిపెట్టి, ప్రవరుడి రూపం ధరించి వస్తాడు. ఒక షరతు పెడతాడు. సంగమ సమయంలో ఆమె కళ్ళు మూసుకునే ఉండాలి. ఆమె ఒప్పుకుంటుంది.

పెద్దన మహాకవి అని స్కూల్లో బట్టీపట్టి చెప్పినదాన్ని నేను ఆ రాత్రి నిజంగా నమ్మాను. గరాజ్‌లో చీకట్లో, వీడియో లేకుండా, గొంతులతో మాత్రమే సాగిన ఆ సంభాషణలకు కూడా ఆ షరతే ఉంది. ఆయన మాట్లాడుతున్నది ఇరవయ్యేళ్ళ అమ్మాయితో. ఆమె మాట్లాడుతున్నది స్టేజి మీద పాడే కుర్రాడితో. ఇద్దరిలో ఎవరూ మోసగాళ్ళు కారు. మాయాప్రవరుణ్ణి ఎవరికి వాళ్ళే తయారుచేసుకున్నారు. కళ్ళు మూసుకున్నంతసేపే అది నిలుస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, శాక్రమెంటోలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త నాన్సీ కాలిష్ ఇదే విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. విడిపోయి చాలాకాలానికి మళ్ళీ కలుసుకున్న జంటల గురించి 1993 నుంచి వివరాలు సేకరించి, వెయ్యిన్నొక్క మంది అనుభవాలతో 1997లో పుస్తకం తెచ్చారు. నాకు అందులో రెండు సంగతులు ముఖ్యం. ఆ జంటలు మొదట విడిపోవడానికి ఎక్కువగా కనిపించిన కారణం పెద్దవాళ్ళ అభ్యంతరం. అమెరికాలోనే అలా ఉంటే, కులం పేరుతో ఒక్క వేసవిలో ఆడపిల్ల జీవితాన్ని తేల్చేసే మన జిల్లాల సంగతి చెప్పాలా? మనలో ఎన్ని తొలిప్రేమలు సహజంగా ముగిశాయి, ఎన్నింటిని మధ్యలో నరికారు? నరికినదే కదా మళ్ళీ చిగురు వేసేది. రెండోది, ఇద్దరూ ఒంటరిగా ఉన్నప్పుడు కలిసిన జంటల్లో చాలామంది కలిసే నిలబడ్డారు. ఇంటర్నెట్టు వచ్చాక మాత్రం పరిస్థితి మారింది. పెళ్ళిళ్ళయి, కాపురాలు బాగానే ఉండి, వేరే ఉద్దేశమే లేకుండా "ఎలా ఉన్నావు" అని ఒక సందేశం పంపినవాళ్ళు తమకే తెలియకుండా లోతుల్లోకి దిగిపోయిన కథలు ఆమె దగ్గరికి రావడం మొదలైంది. కాపురం బాగుంటే ఇలాంటివి జరగవని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు. బాగున్న కాపురాల్లోనూ జరుగుతాయి. మాది బాగానే ఉండేది.

కొన్ని రాత్రులు నేను చట్టం కూడా చదివాను. ఆస్ట్రేలియాలో 1975 ఫ్యామిలీ లా యాక్ట్‌కు ముందు విడాకులు కావాలంటే తప్పెవరిదో రుజువు చేయాల్సి వచ్చేది. 1959 నాటి చట్టంలో పద్నాలుగు కారణాలుండేవి, వాటిలో వ్యభిచారం ఒకటి. 1976 జనవరి నుంచి ఒక్కటే కారణం మిగిలింది. కాపురం తిరిగి అతకనంతగా విరిగిందా? దానికి రుజువు పన్నెండు నెలలు విడిగా ఉండటం. ఒకే కప్పు కింద ఉంటూ కూడా విడిగా ఉన్నట్టు నిరూపించుకోవచ్చు. మధ్యలో మనసు మారి ఒక విడత, మూడు నెలల లోపు, మళ్ళీ కలిసి ఉండి చూసుకున్నా పాత లెక్క పోదు. మన 1955 హిందూ వివాహ చట్టంలో వ్యభిచారం ఈనాటికీ ఒక కారణమే. 2018లో సుప్రీంకోర్టు దాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది గానీ విడాకులకు కారణంగా అది అలాగే ఉంది.

ఇక్కడి చట్టం మొదట నాకు కోపం తెప్పించింది. తప్పెవరిదని అడగని న్యాయం ఏం న్యాయం అనిపించింది. పోనుపోను అదే నాకు ఆసరా అయింది. ఏ న్యాయమూర్తీ మా గరాజ్ గురించి అడగడు. అడగవలసింది నేనే, చెప్పవలసింది ఆయనే. ఒక స్నేహితురాలికి మాత్రం సంగతి చెప్పాను. ఆమె ఫోన్ తీసి చూడమంది, మెసేజీలు ఫొటోలు తీసి పెట్టుకోమంది. నా మీద ప్రేమతోనే అంది. నేను ఆ పని చేయలేదు. ఆయన నోటితో చెబుతున్నంత కాలం ఆ ఫోన్ నాకు అక్కర్లేదు.

నన్ను చాలాకాలం వదలని ప్రశ్న ఇంకొకటి ఉంది. రోజూ రాత్రి గరాజ్‌లో కూర్చున్నది నేనైతే? తెనాలినుంచి నా పాత పరిచయం ఒకటి తిరిగి వచ్చి, నేను కారులో కూర్చుని ఒక గంట మాట్లాడుకుంటూ ఉంటే? ఈ ఓర్పు, ఈ అర్థం చేసుకోవడం, ఈ మనుచరిత్ర నాకు దక్కేవా? మా ఇద్దరి వైపు పెద్దవాళ్ళు మరుసటి పొద్దుటికల్లా వీడియో కాల్‌లో కూర్చునేవారు. మగవాడి తొలిప్రేమ మన పాటల్లో తీపి గుర్తు. ఆడదాని తొలిప్రేమ ఇంటి పరువు. ఖమ్మంలో ఆ అమ్మాయి చదువు ఆగిపోయింది, ఈయన చదువు సాగింది. ఒకే ప్రేమకు ఇద్దరూ ఇంత వేరువేరు ధరలు చెల్లించారు. ఈ మాట నేను ఆయనతో నేరుగా అన్నాను. చాలాసేపు తల వంచుకుని కూర్చున్నారు. ఆమె చదువు ఆగిపోవడం గురించి అంతవరకూ అలా ఆలోచించలేదని ఒప్పుకున్నారు. నా పంతొమ్మిదేళ్ళ వయసు గురించి ఆయన మొదటిసారి అడిగింది కూడా ఆ రాత్రే. చెప్పాను. అది నా దగ్గరే ఉంచుకుంటాను.

మన సినిమాలు ఈమధ్య గేటు లోపలికి కాస్త తొంగిచూస్తున్నాయి. 'జాను' 2020లో వచ్చింది, తమిళ '96'కు తెలుగు రూపం. రాత్రంతా ఇద్దరి మధ్య నడిచే అంత సున్నితమైన కథలోనూ సింగపూర్‌లో ఉన్న ఆమె భర్త ఒక ప్రస్తావన మాత్రమే. 2017 నాటి 'నిన్ను కోరి'లో విదేశంలో కాపురముంటున్న దంపతుల ఇంట్లోకి పాత ప్రేమికుడు వచ్చి ఉంటాడు. అక్కడ భర్తకు ఒక మనసు, కొన్ని మాటలు ఇచ్చారు. అందుకు ఆ దర్శకుడు శివ నిర్వాణకు నా కృతజ్ఞతలు. ఆయనే తీసిన 'మజిలీ'తో మాత్రం నాకు పేచీ ఉంది. భర్త పాత ప్రేమలో మునిగి ఉంటే భార్య నోరెత్తకుండా ఏళ్ళ తరబడి అతణ్ణి మోస్తుంది. ఆ మౌనాన్ని చూసి హాల్లో అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఆ మౌనం మీద గౌరవం కలగలేదు. భయం వేసింది. మాట్లాడకపోతే నేను అలాగే ఉండేదాన్ని. మా ఇంట్లో మంచి భార్యనని పేరు కూడా వచ్చేది.

పిల్లల సంగతి చెప్పాలి. అమ్మాయికి అప్పుడు పన్నెండు, బాబుకు తొమ్మిది. వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కానీ అమ్మాయి ఆన్‌లైన్ క్లాసులకు తన గదిలో కూర్చోవడం మానేసి వంటింట్లోకి వచ్చేసింది, నేనెక్కడుంటే అక్కడికి. రాత్రి ఒకసారి "నాన్న గరాజ్‌లో ఎందుకు?" అని అడిగింది. "నాన్న చిన్నప్పటి స్నేహితురాలి భర్త చనిపోయాడు, ఆమెతో మాట్లాడుతున్నారు" అన్నాను. అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు. "మరి హాల్లో కూర్చుని మాట్లాడొచ్చుగా" అంది. మర్నాడు ఆ మాట ఆయనకు అలాగే చెప్పాను.

హాల్లో కూర్చుని మాట్లాడారు. వీడియో పెట్టి. నేను పక్కనే ఉన్నాను. తెర మీద ఆమె కనిపించింది. చెంపలు నెరిశాయి, కళ్ళజోడు ఉంది, వెనకాల గోడకు దండ వేసిన భర్త ఫొటో, పక్కన ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకు. నాకు నమస్కారం పెట్టి, "మీ గురించి చాలా చెప్పారండీ" అంది. మర్యాదగా, తడబడకుండా మాట్లాడింది. ఎక్కువగా నాతోనే. పదిహేను నిమిషాల్లో కాల్ అయిపోయింది.

ఆ రాత్రి మా ఆయన ఏడ్చారు. అది నేను ఊహించలేదు. నన్ను బాధపెట్టానని కాదు, అలా అని చెప్పారు కూడా. "అది ఆమె కాదు" అన్నారు. ఇరవయ్యేళ్ళ ఆ అమ్మాయి ఎక్కడో ఒకచోట అలాగే ఉందనుకుంటూ బతికారాయన, తెలియకుండానే. ఆ సాయంత్రం హాల్లో ఆ అమ్మాయి నిజంగా వెళ్ళిపోయింది. ఖమ్మంలో ఆ సోమవారం ఏడవడానికి ఆయనకు ఎవరూ అవకాశం ఇవ్వలేదు. ఇన్నేళ్ళకు ట్రుగనీనాలో, నా పక్కన కూర్చుని ఏడుస్తున్నారు. భార్యగా నాకు అంతకంటే కష్టమైన పని ఎప్పుడూ ఎదురు కాలేదు. తన భర్త వేరొక ఆడదాని కోసం దుఃఖిస్తుంటే వీపు నిమరడం ఏ అమ్మా నేర్పదు. నిమిరాను. నాలో సగం ఆయన మీద జాలిపడింది, సగం లేచి వెళ్ళిపొమ్మంది. రెండు సగాలూ నిజమే. వెళ్ళిపొమ్మన్న సగం గెలవకపోవడానికి కారణం నా గొప్పతనం కాదు. ఆ ఏడుపులో నాకు అంతవరకూ దొరకని ఆ కుర్రాడు కనిపించాడు, అంతే.

ఆంక్షలు సడలాక మేం స్కెలిటన్ క్రీక్ పక్క దారిలో సాయంత్రాలు నడవడం మొదలుపెట్టాం. వాగు సన్నగా పారుతుంది, జమ్ములో బాతులుంటాయి, ఎదురుగాలి మాటను ఎత్తుకుపోతుంది. ఆయన వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు, ఆ నాలుగు నెలల గురించి. నేను మా ఇంటి గొడవలు చెప్పాను. పెళ్ళికి ముందు చెప్పుకోవలసినవి ఇన్నేళ్ళకు చెప్పుకున్నాం. ఇదంతా జరిగాక మా కాపురం మరింత బలపడిందని కొందరు అనుకోవచ్చు. బలపడింది అన్న మాట నేను వాడను. ఇప్పుడు ఒకరి గురించి ఒకరికి ఎక్కువ తెలుసు. కొన్ని రోజులు అది సుఖంగా ఉంటుంది, కొన్ని రోజులు ఉండదు. గరాజ్ తలుపు చప్పుడైతే నా చెవి ఇప్పటికీ అటే వెళుతుంది.

ఆమెతో పరిచయం తెగిపోలేదు. పండగలకు ఫోను వస్తుంది, నాకే వస్తుంది. మధ్యలో ఆపేసిన డిగ్రీ దూరవిద్యలో పూర్తి చేసింది. ఆమె పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషంలో ఏ కల్తీ లేదు.

కిందటి ఏడాది వాళ్ళబ్బాయికి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. 2024 మే నుంచి విద్యార్థి వీసాకు బతుకు ఖర్చు కింద చూపించాల్సిన సొమ్ము 29,710 డాలర్లు అయింది. భర్త లేని ఇల్లు అది ఎలా సమకూర్చుకుంటుందో నాకు తెలుసు. కుర్రాణ్ణి మొదటి ఆరు నెలలు మన ఇంట్లో పెట్టుకుందామా అని ఆయన అడిగారు. నన్ను అడిగారు, నిర్ణయించి చెప్పలేదు. నేను రెండు రోజులు ఆలోచించాను. ఆ పిల్లవాడి మీద నాకు ఏ కోపమూ లేదు. అతని మొహంలో వాళ్ళమ్మ పోలికలు ఉన్నాయి. రోజూ పొద్దున మా డైనింగ్ టేబుల్ దగ్గర ఆ పోలికకు ఇడ్లీ వడ్డించడం నా వల్ల కాదని చెప్పాను. ఆయన సరేనన్నారు. ఎందుకని అడగలేదు, మొహం ముడుచుకోలేదు. టార్నీట్ స్టేషన్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో ఒక తెలుగు కుటుంబం ఇంట్లో గది దొరికింది. బాండ్ డబ్బు మేం కట్టాం. ఎయిర్‌పోర్టుకు ఇద్దరం కలిసి వెళ్ళి తీసుకొచ్చి, ముందు ఆ గదిలో సామాను దింపాం. దార్లో కుర్రాడు వెనక సీట్లోంచి, "అంకుల్, మీరు పాటలు బాగా పాడేవారట, అమ్మ చెప్పింది" అన్నాడు. "ఎప్పటి మాటో" అని ఆయన అంటుంటే, "పాడండి" అన్నాను నేను.